పట్టాలు లేని దేశంలో మూడు అమెరికా ఇంజిన్లు

దుబాయ్ నుంచి వచ్చాక మా సామర్లకోటలో అందరూ బంగారం గురించే అడిగారు. అక్కడ తులం ఎంత, ఎంత తెచ్చావు, దుకాణాలు నిజంగా అంతంత ఉంటాయా అని. ఆవిరి ఇంజిన్లు చూసొచ్చానంటే ఒక్కరూ నమ్మలేదు. వాళ్ల తప్పేం లేదు. 2007 చలికాలంలో నేను వెళ్లినప్పుడు ఆ దేశం మొత్తం మీద ఒక్క రైలు కూడా నడవడం లేదు. అలాంటి చోట, అమెరికాలో తయారైన మూడు ఇంజిన్ల మధ్య మూడు రోజులు తిరిగి, ఏది ఏదో తేల్చుకోలేక తల పట్టుకున్నానంటే, చెప్తున్న నాకే ఇప్పటికీ కొంచెం అయోమయంగా ఉంటుంది. అందుకే జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను సామర్లకోట స్టేషన్లో ముప్పై ఏళ్లు అనౌన్సర్‌గా పనిచేశాను. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదకి ఎన్నింటికి వస్తుందో మూడు భాషల్లో మైకులో చెప్పడం నా ఉద్యోగం. నేను కూర్చునే గదికి పట్టాల వైపు కిటికీ ఉండేది కాదు. కంట్రోల్ నుంచి కబురొస్తే చెప్పేదాన్ని, అంతే. వేల బళ్ల రాకపోకలు చెప్పానుగాని ఇంజిన్‌లో ఏ చక్రం ఎందుకు తిరుగుతుందో నాకు తెలియదు. ఈ ఒక్క సంగతీ మా మరిది సరిగ్గా చెప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

బర్ దుబాయ్

మా చెల్లెలు పద్మ, మరిది సుధాకర్ బర్ దుబాయ్‌లో ఉంటారు. బట్టల దుకాణాల మీద నాలుగో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. అందులో ఒక గదిని నెల్లూరు వాళ్లకి అద్దెకిచ్చారు. వంటగది ఇద్దరిదీ. పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకా పద్మది, ఏడు నుంచి ఎనిమిది దాకా నెల్లూరావిడది. ఆ గంట దాటితే కాఫీ కూడా అడగకూడదని వెళ్లిన రోజే చెల్లెలు నాకు చెప్పింది.

కిందికి దిగితే సింధీల దుకాణాలు, మలయాళీల హోటళ్లు, పాకిస్తానీ దర్జీలు. అందరూ హిందీలోనే మాట్లాడుతున్నారు. అరబ్బు దేశం అని వచ్చానుగాని మొదటి రోజు సాయంత్రం దాకా నాకు ఒక్క అరబ్బూ కనపడలేదు. కరివేపాకు కొందామని వెళ్తే నాలుగు రెబ్బలు ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఒక దిర్హం అన్నాడు. మన లెక్కలో పదకొండు రూపాయలు. మా ఊళ్లో కూరలమ్మాయి అడక్కుండానే సంచిలో పడేస్తుంది. నేను ప్యాకెట్ పట్టుకుని ఆలోచిస్తుంటే, వెనక వరసలో నిలబడ్డాయన "యల్లా, యల్లా" అన్నాడు. అది మనిషి పేరేమో, ఎవర్నో పిలుస్తున్నాడనుకుని పక్కకి తప్పుకున్నాను. త్వరగా కానివ్వమని అర్థమట.

ఆ రాత్రి భోజనాల దగ్గర మరిది అసలు సంగతి బయటపెట్టాడు.

"వదినగారూ, మీకోసం ఒక మంచి చోటు చూశానండీ. రైలు మ్యూజియం."

"ఇక్కడ రైళ్లే లేవుగా?"

"లేవండీ. అందుకే మ్యూజియం."

అతని కంపెనీ అల్ ఐన్ వెళ్లే దారిలో ఒక తోటలో పెద్ద రేకుల షెడ్డు కట్టింది. ఆ తోట ఒక ముసలి అర్బాబ్‌ది. అర్బాబ్ అంటే అక్కడ యజమాని. ఆయనకి అమెరికా పాత వస్తువులంటే ఇష్టం. కార్లు, ట్రాక్టర్లు, పెట్రోలు పోసే పంపులు, చివరికి మూడు ఆవిరి ఇంజిన్లు కూడా కొని పెట్టాడు. షెడ్డు కాగితాలు పట్టుకుని వెళ్లినప్పుడల్లా మరిదికి అక్కడి కాపలాదారు కనపడేవాడు. నిజామాబాద్ వైపు మనిషి, పేరు గంగారాం.

"మావాళ్లు ఒకరు ముప్పయ్యేళ్లు రైల్వేలో చేశారని చెప్పానండీ. పాపం, నా కాళ్లు మొక్కినంత పని చేశాడు. ఎప్పుడొస్తారు, ఎప్పుడొస్తారని రోజూ ఫోను."

"రైల్వేలో ఏం చేశానో చెప్పావా?"

మరిది మజ్జిగ పోసుకుంటూ, "అదంతా ఎందుకండీ, రైల్వే రైల్వేయే కదా!" అన్నాడు.

అబ్రా మీద

మర్నాడు చెల్లెలు నన్ను క్రీకు, అంటే ఊరి మధ్యలోకి వచ్చే సముద్రపు పాయ, దాటించింది. అబ్రా అంటే చెక్క పడవ. మధ్యలో బల్ల, దాని మీద రెండు వైపులా వీపులు ఆనించి కూర్చోవాలి. ఒక దిర్హం. యానాం రేవులో పడవెక్కేటప్పుడు చెయ్యి అందించేవాడు ఉంటాడు. ఇక్కడ ఎవరి గెంతు వాళ్లదే. గెంతబోయి నా ఎడమ చెప్పు నీళ్లలో వదిలేశాను. పడవ నడిపే బంగ్లాదేశ్ మనిషి దాన్ని కొక్కెంతో తీసి, నీళ్లు ఓడ్చి, నా ఒళ్లో పెట్టాడు.

అవతలి ఒడ్డున టాక్సీ ఎక్కాం. ఊరికే మాట కలుపుదామని డ్రైవర్ని రైలు మ్యూజియం తెలుసా అని హిందీలో అడిగాను. పెషావర్ వైపు వాడు. అద్దంలోంచి నన్ను చూసి, "రేల్? ఇధర్ రేల్ నహీఁ హై, అమ్మాజీ. దో సాల్ బాద్ ఆయేగా" అన్నాడు. ఇంకో రెండేళ్లకి వస్తుందని. రోడ్డు మధ్యలో కడుతున్న మెట్రో స్తంభాలు చూపించాడు. పాత రైలు అన్నాను. అతనికి చాలాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఇంకా కొత్తదే రాలేదు, పాతది ఎక్కణ్నుంచి వస్తుందని నన్నే అడిగాడు.  పద్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

సోనాపూర్

బుధవారం తెల్లవారుజామున మరిది నన్ను పనివాళ్ల క్యాంపులుండే సోనాపూర్ తీసుకెళ్లాడు. తోటకి పనివాళ్లని తీసుకెళ్లే కంపెనీ వాను అక్కణ్నుంచే బయల్దేరుతుంది. ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. వీధి పొడుగునా బస్సులు, వాటి ముందు నీలం బట్టల్లో మనుషులు, ప్రతి చేతిలో ఒక టిఫిను డబ్బా. అంతమంది ఉన్నా గోల లేదు. మా స్టేషన్లో పాసింజరు బండి వచ్చేటప్పుడు ఉండే తోపులాట ఇక్కడ లేదు. నిద్ర తీరని మనుషులు వరసలో నిలబడి, తమ బస్సు వస్తే ఎక్కి, ఎక్కగానే కళ్లు మూసుకుంటున్నారు.

వానులో నేనొక్కదాన్నే ఆడదాన్ని. ముందు సీటు ఖాళీ చేసి, దాని మీద ఒకతను తన తువ్వాలు పరిచాడు. సిరిసిల్ల అట. "చాయ్ తాగుతరా అమ్మా?" అని కాగితం కప్పులో టీ తెచ్చిచ్చాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. ఎవర్ని చూడ్డానికి వెళ్తున్నారని అడిగాడు. ఇంజిన్లని అన్నాను. తల ఊపి వెనక్కి వెళ్లిపోయాడు.

తోటలో షెడ్డు

అల్ ఐన్ రోడ్డు మీద ఊరు దాటాక ఇసుక రంగు మారుతుంది. తెల్లగా ఉన్నది కాస్తా ఎర్రబడుతుంది. తోట అంటే మామిడి, కొబ్బరి ఊహించుకున్నాను. ఖర్జూరపు చెట్లు కొన్ని, ఒంటెల దొడ్డి, తర్వాత ఈ చివర్నుంచి ఆ చివరికి రేకుల షెడ్డు.

షెడ్డు ముందు ఒక నలభై ఏళ్ల మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. వాను దిగిన మరిదిని పలకరించి, నా వెనక్కి, వాను లోపలికి చూశాడు.

"సార్ ఏడున్నడు?"

"సార్ ఎవరు? ఈవిడే. మా వదినగారు."

గంగారాం ముఖంలో రంగు దిగిపోయింది. అయినా వంగి దండం పెట్టాడు. మరిది సాయంత్రం వస్తానని అదే వానులో కంపెనీ పని మీద వెళ్లిపోయాడు.

లోపల మూడు ఇంజిన్లు పక్కపక్కన, చిన్న పట్టా ముక్కల మీద నిలబడి ఉన్నాయి. నల్లగా, కొత్త పెయింటుతో మెరుస్తున్నాయి. ముందు పెద్ద దీపం, వీపు మీద రెండు మూపురాలు, కింద ఒక్కోవైపు నాలుగేసి పెద్ద చక్రాలు, వాటిని కలుపుతూ నా నడుమంత లావు ఇనప కడ్డీలు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో చేసి ఓడల్లో తూర్పు దేశాలకి పంపారట. ఒకే అచ్చులో పోసినట్టు మూడూ ఒకటే. నేను ఒక చివర నుంచి రెండో చివరకి నడిచి, వెనక్కి తిరిగేసరికి మొదటిది ఏదో మర్చిపోయాను.

"గిదేనమ్మా నా తిప్పలు" అన్నాడు గంగారాం.

అతను చెప్పింది ఇది. ఇంజిన్లలో ఒకటి ఇండియా నుంచి వచ్చింది, ఒకటి బర్మా నుంచి, ఒకటి థాయిలాండ్ నుంచి. ఒక్కోదానికి ఇత్తడి నంబరు పలక ఉండేది. పెయింటు వేయడానికి బయట నుంచి వచ్చిన మనుషులు మూడు పలకలూ విప్పి బకెట్లో పడేశారు. పని అయ్యాక బకెట్ అప్పజెప్పి వెళ్లిపోయారు. ఇంజిన్ల మీద రాసి ఉన్న రాతలన్నీ కొత్త పెయింటు కిందకి పోయాయి. తర్వాత క్రేనుతో ఈ కొత్త షెడ్డులోకి మార్చేటప్పుడు వాటి వరసా మారిపోయింది. ఏ పలక ఏ ఇంజిన్‌దో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

"అర్బాబ్‌కు ఇండియాదంటేనే పానం. దాని దగ్గరికే పోతడు, దాన్నే ముట్టుకుంటడు. శుక్రారం మనుమలను తోల్కొని వస్తుండు. ముదీర్ ఏమన్నడో ఎరికేనా? అప్పటిదాంక సరిజెయ్యకపోతే ఖలాస్, వీసా క్యాన్సల్, ఇంటికి పంపుత అన్నడు." ముదీర్ అంటే మేనేజరు. "ఇంటికాడ పొలంల బోరు వేసిన, బిడ్డ నర్సింగ్ చదువుతుంది. గిప్పుడు పంపిస్తే నేను ఏం జేయాలె? మీరు రైల్వేల చేసిన్రు. చూడంగనే చెప్తరని…"

"గంగారాం, నేను అనౌన్సర్ని."

"అంటే?"

"మైకులో చెప్పేదాన్ని. బండి వస్తోంది, పోతోంది అని."

 అతను బకెట్ తెచ్చి నా ముందు పెట్టాడు. 738, 764, 791. పలకలు తుడిచి మెరిపించి ఉంచాడు. ఫైలులో ఉన్న ఇంగ్లీషు కాగితం నేను చదివాను. 738 థాయిలాండ్, 764 ఇండియా, 791 బర్మా. ఎటొచ్చీ పలకలకి దేశాలు దొరికాయిగాని ఇంజిన్లకి పలకలు దొరకలేదు.

మధ్యాహ్నం అతనే వండిపెట్టాడు. అన్నం, పచ్చిపులుసు. చింతపండు రసంలో ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి కాల్చి పిసికినవి. పొయ్యి మీద పెట్టని పులుసు నేను తినడం అదే మొదటిసారి. మా వైపు అలా పోస్తే మరిగించడం మర్చిపోయారంటారు. రెండోసారి అడిగి పోయించుకున్నాను. నేను తింటున్నంతసేపూ అతను తినలేదు.

సామర్లకోటకి ఫోను

నాకు ఇంజిన్లు తెలియవుగాని తెలిసిన మనిషి ఒకాయన ఉన్నాడు. మా వీధిలోనే ఉండే అప్పలస్వామిగారు, బెజవాడ లోకో షెడ్డులో ఫిట్టర్‌గా చేశారు. గంగారాం ఫోనులో కార్డు గీకి కలిపిచ్చాడు. అప్పలస్వామిగారికి చెవుడు.

"ఏ షెడ్డు అన్నారు?"

"దుబాయ్ అండీ!"

"దుబాయ్‌లో షెడ్డు ఎప్పుడు పెట్టారు? నాకెవరూ చెప్పలేదే!"

నేను అరుస్తున్నాను. ఆ రేకుల షెడ్డులో నా గొంతు మూడుసార్లు తిరిగి నాకే వినపడుతోంది. చివరికి వాళ్లావిడ ఫోను తీసుకుని నేను చెప్పింది ఆయన చెవిలో చెప్పింది. అప్పుడు ఆయన ఉషారైపోయారు.

"పలకదేముందండీ సత్యవతిగారూ, స్క్రూ తీస్తే ఊడొస్తుంది. రాడ్లు చూడండి. చక్రాల్ని కలిపే కడ్డీలు. రిపేరుకి విప్పినప్పుడు ఒకదానివి ఒకదానికి కలవకుండా ఇంజిన్ నంబరు దాని మీద పంచ్‌తో చెక్కుతాం. ఏ దేశమైనా షెడ్డువాడు చేసే పని అదే. పెయింటు గీకండి, కనపడుతుంది. కానీ ఒక్కటి చూసుకోండి, ఆ రాడ్లు ఒకవేళ…"

కార్డు అయిపోయింది.

గంగారాం ఫోను కేసి చూసి, "ఒకవేళ ఏందమ్మా?" అన్నాడు.

"ఏమో!"

గీకుడు

గురువారం మళ్లీ అదే వానులో వెళ్లాను. చెల్లెలు కోపంగా ఉంది. బంగారం బజారుకి తీసుకెళ్దామనుకుంటే నేను ఇనుము గీకడానికి పోతున్నానని. మరిది మాత్రం తప్పు తనదేనన్నట్టు, నాకోసం పద్మ పాత పంజాబీ డ్రెస్సు ఒకటి సంచిలో పెట్టిచ్చాడు. నా జన్మలో నేను పంజాబీ డ్రెస్సు వేసుకున్నది ఆ ఒక్క రోజే.

గంగారాం, నేను చెరొక వైపు కూర్చుని థిన్నరుతో తడిపి, పెయింటు గీకాం. కొత్త పెయింటు కింద పాత పెయింటు, దాని కింద జిడ్డు, దాని కింద మళ్లీ పెయింటు. కళ్లు మండాయి. గంటకి పైగా గీకాక మొదటి ఇంజిన్ కడ్డీ మీద మూడు అంకెలు తేలాయి. 738. అవతలి వైపు గీకాం. 738. గంగారాం ఎగిరి గంతేసినంత పని చేశాడు. థాయిలాండ్ ఇంజిన్ దొరికింది. పలక బిగించాడు.

రెండో ఇంజిన్. ఎడమ వైపు 764. "ఇండియా!" అని గంగారాం అరిచాడు. కుడివైపు గీకితే తేలిన అంకెలు నేను చూశాను. నా కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. 791.

మూడోదానికి ఎడమ 791, కుడి 764.

అప్పలస్వామిగారి "ఒకవేళ" ఏమిటో అప్పుడు తెలిసింది. గంగారాం గుర్తు చేసుకున్నాడు. ఓడలో ఎక్కించేటప్పుడు కడ్డీలు విప్పి వేరే పెట్టెల్లో పంపారు, ఇక్కడ క్రేను మనుషులు ఎలా వీలైతే అలా బిగించారు. సగం ఇండియా, సగం బర్మా, రెండు ఇంజిన్లకీ. ఎంతసేపు గీకినా అంతకంటే చెప్పవు.

ఎండ షెడ్డు రేకుల మీదకి వచ్చింది. నాకు తల తిరుగుతున్నట్టు అనిపించి, రెండో ఇంజిన్ మెట్లు పట్టుకుని డ్రైవరు నిలబడే చోటుకి ఎక్కాను. అక్కడ ఒక ఇనప పెట్టె, సీటులాగా. కూర్చోబోతే మూత కదిలి పక్కకి జరిగింది, నేను చతికిలపడ్డాను. చెయ్యి గీరుకుంది. మూత సరిగ్గా పెడదామని ఎత్తితే దాని లోపలి వైపు పెయింటు లేదు. తుప్పు. తుప్పులో గీతలు.

గీతలు కావు, అక్షరాలు. తెలుగు.

ఉలితోనో మేకుతోనో గీసినట్టున్నాయి. నేను వేలితో ఒక్కొక్కటీ తడుముతూ పైకే చదివాను.

"సింహాద్రి. రంగం షెడ్డు. యింటికి పోతన్నాను."

గంగారాం కింద నుంచి పరుగెత్తుకొచ్చాడు. అతనూ చదివాడు. "మన తెలుగమ్మా! మన తెలుగే! ఇండియా ఇంజిన్ గిదే!" అని 764 పలక తీసుకుని కిందికి దూకాడు. స్క్రూ డ్రైవరు చేతిలోకి తీసుకున్నాడు.

నేను కూడా ఒక్క నిమిషం అదే అనుకున్నాను. అనుకోవాలనిపించింది. అప్పుడే రెండో మాట మీద నా వేలు ఆగింది.

"ఆగు గంగారాం."

"ఏమైందమ్మా?"

"రంగం అంటే ఏమిటనుకుంటున్నావు?"

"బోనాలప్పుడు జోగిని భవిష్యత్తు చెప్తది, గది రంగం. లేకపోతే నాటకం ఆడే రంగం."

"మా కాకినాడ వైపు రంగం అంటే రంగూన్. బర్మా."

మా అమ్మమ్మ అన్నగారు రంగం వెళ్లి తిరిగి రాలేదు. మా అమ్మమ్మ ఆ మాట అంటుంటే చిన్నప్పుడు నేను కూడా ఆయన నాటకాల్లోకి వెళ్లాడనే అనుకునేదాన్ని. కోరంగి రేవులో ఓడెక్కి మా జిల్లాలవాళ్లు వేలమంది అక్కడ రేవుల్లో, మిల్లుల్లో, రైలు షెడ్డుల్లో పనిచేశారు. యుద్ధంలో చాలామంది వచ్చేశారు, కొందరు ఉండిపోయారు. ఈ ఇంజిన్లు ఆ తర్వాత వచ్చినవే కాబట్టి, ఈ సింహాద్రి ఉండిపోయినవాళ్లలో ఒకడై ఉండాలి. తెలుగులో రంగం అని రాసి ఉందిగనకే ఇది ఇండియాది కాదు.

గంగారాం స్క్రూ డ్రైవరు దించాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఎవలకు తెలుస్తదమ్మా? ఇండియా భాష ఉన్నది, ఇండియాదే అంటే అర్బాబ్ మస్తు ఖుషీ అయితడు. ముదీర్ నోరు మూస్కుంటడు. ఖలాస్."

 నాకు మాత్రం ఏం గట్టిగా తెలుసు? సింహాద్రి ఒకప్పుడు రంగంలో చేసి, తర్వాత ఇండియాలో ఏ షెడ్డులోనో ఈ ఇంజిన్ మీద కూర్చుని రాశాడేమో. అంత దూరం ఆలోచిస్తే ఏదీ తేలదు. అయితే నేను మైకు ముందు ఒకే ఒక్కసారి తెలియకుండా తప్పు ప్లాట్‌ఫారం చెప్పాను. ఒక ముసలాయన మూటలతో వంతెన ఎక్కి దిగేసరికి బండి వెళ్లిపోయింది. ఆయన నా గది తలుపు దగ్గరకొచ్చి, ఏమీ తిట్టకుండా, "మీరే చెప్పారు కదమ్మా" అన్నాడు. తెలిసి చెప్పడం నా వల్ల కాదు.

"మనిషి తను ఉన్న షెడ్డు పేరే రాస్తాడు గంగారాం. ఇది బర్మాది. దీనికి 791 పెట్టు. అర్బాబ్ అడిగితే నేను చెప్తాను."

అతను పెట్టాడు. మిగిలిన 764 పలక మూడో ఇంజిన్‌కి బిగించాడు. 

శుక్రవారం

శుక్రవారం మరిది స్నేహితుడి కారు అడిగి తెచ్చాడు. పద్మ కూడా వచ్చింది. మేం వెళ్లేసరికి మూడు పెద్ద కార్లు ఆగి ఉన్నాయి. పిల్లలు అప్పటికే ఇంజిన్లు ఎక్కేశారు. అర్బాబ్ సన్నగా, పొడుగ్గా, కర్ర పట్టుకుని ఉన్నాడు. ఎనభై ఉంటాయి. 764 పలక ఉన్న మూడో ఇంజిన్ పక్కన నిలబడి, చక్రం మీద చెయ్యి పెట్టాడు. సూటు వేసుకున్న ముదీర్ ఈజిప్టువాడు. అతని కళ్లు వెంటనే కడ్డీల మీద పడ్డాయి. కొత్త పెయింటు గీకేసిన చోట్లు.

"యే క్యా హై?" ఇదేమిటని గంగారాం మీద అరిచాడు.

నేను చెప్తానన్నానుగాని గంగారామే ముందుకెళ్లాడు. చేతులు కట్టుకుని, తన దుబాయ్ హిందీలో అంతా చెప్పేశాడు. బకెట్ సంగతి, పలకల సంగతి, రెండు ఇంజిన్ల కడ్డీలు కలిసిపోయిన సంగతి. ముదీర్ మధ్యలో ఆపబోతే అర్బాబ్ కర్ర ఎత్తాడు. ముదీర్ ఆగిపోయాడు.

"ఔర్ ఏ మేడమ్? రేల్వే కీ ఇంజినీర్?" అని అర్బాబ్ నా వైపు తిరిగాడు. ఆ హిందీ వింటే బొంబాయి బజారులో ఉన్నట్టుంది. చిన్నప్పుడు తండ్రితో ముత్యాల వ్యాపారానికి ఓడలో బొంబాయి వెళ్లి ఏడాది ఉన్నాడట. మొదటిసారి రైలు చూసింది అక్కడేనట.

"ఇంజినీర్ని కాదండీ, మైకులో చెప్పేదాన్ని" అని హిందీలో అన్నాను. పద్మ నా చెయ్యి గిల్లింది. ముసలాయన నవ్వలేదు. "అయితే నా ఇండియా ఇంజిన్ ఇదేనని ఎలా తెలుసు?" అన్నాడు.

"ఆ పక్కదాంట్లో నా భాష ఉంది. అందుకే ఇది అయి ఉండాలి. నూటికి నూరు పాళ్లు చెప్పలేను."

ఆయన అర్థం కాక నన్ను చూశాడు. నేను మళ్లీ చెప్పాను. మళ్లీ అర్థం కాలేదు. నీ భాష ఉంటే అదే కదా ఇండియాది అన్నాడు. మరిది ఇంగ్లీషులో చెప్పబోయి ఇంకా గందరగోళం చేశాడు. చివరికి ఆయన కర్ర గంగారాం చేతికిచ్చి, ఇద్దరు మనవలు పట్టుకుంటే రెండో ఇంజిన్ ఎక్కాడు. నేను మూత ఎత్తి చూపించాను. చదివి, హిందీలో చెప్పాను. సింహాద్రి, రంగూన్ షెడ్డు, ఘర్ జా రహా హూఁ.

"ఏ ఊరివాడు?"

"తెలియదండీ. మా జిల్లాలవాడే అయి ఉంటాడు. సింహాద్రి అనే పేరు మా వైపు వీధికి ఇద్దరికి ఉంటుంది."

"చేరాడా?"

దానికీ తెలియదనే చెప్పాను. ఆయన మూత మీద అక్షరాల్ని తన వేలితో తడిమాడు, ఏమీ చదవలేకపోయినా. తర్వాత అరబ్బీలో ముదీర్‌కి ఏదో చెప్పాడు. ఈ మూతకి పెయింటు వేయకూడదనీ, ఆ మాటలు బోర్డు మీద మూడు భాషల్లో రాయించాలనీ చెప్పినట్టు మరిది తర్వాత తెలుసుకున్నాడు. గంగారాంని ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ ఎత్తలేదు. ముదీర్ అతని కేసి చూడటం మానేసి చేతిలో డైరీలో బోర్డు సంగతి రాసుకుంటున్నాడు. ఉద్యోగం నిలబడిందని నాకు అప్పుడు అర్థమైంది. గంగారాంకి అర్థమైందో లేదో.

అర్బాబ్ కిందికి దిగి కర్ర కోసం చెయ్యి చాచాడు. గంగారాం కర్ర ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"అర్బాబ్, చార్ సాల్ హో గయా. ఛుట్టీ చాహియే. ఘర్ జాకే వాపస్ ఆవూంగా."

నాలుగేళ్లయింది, సెలవు కావాలి, ఇంటికి వెళ్లి మళ్లీ వస్తాను అని. వారం రోజులుగా ఇంటికి పంపొద్దని వణికిపోయిన మనిషి అడిగిన మాట అది. పద్మ నా చెయ్యి వదిలేసింది. ముదీర్ తల ఎత్తి, తోట చూసేవాళ్లు లేరని ఏదో అనబోయాడు. అర్బాబ్ కర్ర తీసుకుని, "దే దో" అన్నాడు. ఇచ్చెయ్యి అని. మనవల వైపు నడిచాడు.

ముదీర్ డైరీలో కొత్త పేజీ తిప్పాడు.

"కౌన్ సా తారీఖ్?"

 నాలుగేళ్లలో ఆ ప్రశ్న గంగారాంని ఎవరూ అడగలేదు. అటూ ఇటూ చూసి, నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఏ తారీఖు చెప్పాలె?"

ముదీర్ పెన్ను పట్టుకుని చూస్తున్నాడు. ఆలస్యం చేస్తే మనసు మార్చుకుంటాడేమోనని నాకు భయమేసింది. నోటికొచ్చింది చెప్పాను.

"ఆదివారం అను."

"సండే" అన్నాడు గంగారాం. ముదీర్ రాసుకుని, డైరీ మూసి వెళ్లిపోయాడు.

గంగారాం అక్కడే నిలబడి వేళ్లు మడిచాడు. శుక్రవారం, శనివారం. మూడో వేలు మడిచి, నా మొహంలోకి చూశాడు.

"అమ్మా, ఆదివారమంటే ఎల్లుండే గదమ్మా!"